అమ్మవారి పండగ నెలలో పసిబిడ్డకు టీకా వేయించవచ్చా?

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, ఎందుకంటే అందులో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మీది ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గరి తెలుగు కుటుంబం. పాపకు తొమ్మిది నెలలు నిండాయి, తట్టు-రుబెల్లా టీకా వేయించాల్సిన సమయం వచ్చింది. ఊళ్లో అమ్మవారి పండగకు రాట పాతారు కాబట్టి పండగ దాటేవరకు పసిబిడ్డ ఒంటికి ఇనుము తగలకూడదని మీ అమ్మగారు పట్టుబట్టారు. ప్రార్థన మందిరానికి వెళ్లే మీ వదినగారి కుటుంబమేమో దేవుడు కాపాడే బిడ్డకు ఏ సూదీ అక్కర్లేదంటోంది. ఈ ఇద్దరి నడుమ మీ భార్య నలిగిపోతోంది. పండగ నెలలో టీకా వేయించవచ్చా, మతం నిజంగా టీకాకు అడ్డమా, పెద్దవాళ్లకు ఎలా నచ్చజెప్పాలి అని మీరు అడిగారు.

నేను 1983లో ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సుగా చేరి, 2019లో లేడీ హెల్త్ విజిటర్‌గా పదవీ విరమణ చేశాను. ఆ ముప్పై ఆరేళ్లూ వంశధార, మహేంద్రతనయ నదుల మధ్య ఊళ్లలోనే గడిచాయి. ఇంట్లో తెలుగు, రిజిస్టర్లలో ఒడియా, కొండెక్కితే సవరల భాష. అందుచేత శిక్షణలో నేర్చుకున్నదీ, గడప బయట నిలబడి చూసినదీ కలిపి రాస్తున్నాను. సూటి జవాబు ముందే చెప్పేస్తాను. పాప ఒంట్లో బాగుంటే, వచ్చే టీకాల రోజునే వేయించండి, పండగ దాకా ఆగకండి. అయితే మీ అమ్మగారిని ఓడించి మాత్రం వేయించకండి. ఓడిపోయిన నాయనమ్మ పదహారు నెలలు నిండాక రావలసిన రెండో డోసుకు తలుపు దగ్గరే అడ్డం నిలబడుతుంది, అది నేను చాలా ఇళ్లలో చూశాను.

దేవుడి పేరు చెప్పి టీకా వద్దన్న ఇళ్లలో, ఫలానా శాస్త్రంలో టీకా తప్పని రాసి ఉందని చూపించినవారు నాకు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది కూడా తగల్లేదు. ఎక్కువచోట్ల అడ్డుపడేది సిద్ధాంతం కాదు, నియమం. ఏ రోజు, ఎవరి చెయ్యి, ఏ స్థితిలో ఉన్న ఒంటిని తాకవచ్చు అన్న ఇంటి నియమం. నియమానికి ఎప్పుడూ హద్దులుంటాయి, మినహాయింపులుంటాయి, దాన్ని చెప్పగల పెద్దలుంటారు. సిద్ధాంతంతో వాదించాలి గానీ, నియమాన్ని అడిగి తెలుసుకోవచ్చు. ఈ తేడా నాకు మొదట తెలియదు. తెలియక చేసిన తప్పు ఒకటి చెబుతాను.

1986లో, ఉద్యోగంలో చేరిన మూడేళ్లకు, ఒక ఊళ్లో తట్టు వచ్చిందని విని వెళ్లాను. ఆ ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. మన వైపు ఒంటిమీద పొక్కులో దద్దులో లేస్తే దాన్ని జబ్బనరు, తల్లి పోసిందంటారు, అమ్మవారు ఇంట్లో ఉన్నాదంటారు. మశూచిని పెద్దమ్మవారనీ, నీటిపొక్కుల్ని ఆటలమ్మనీ, తట్టును ఇంటికో పేరుతోనూ పిలుస్తారు. అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్లూ పొయ్యిమీద పోపు పెట్టరు, బయటివారిని రానివ్వరు, పసుపునీళ్లతో ఇల్లు శుద్ధి చేస్తారు, తలకు నీళ్లు పోసేవరకు అందరూ నియమంగా ఉంటారు. ఇదంతా నేను పుట్టి పెరిగిన ఇంట్లోనూ ఉన్నదే. అయినా చేతిలో కొత్త సంచీ, ఒంటిమీద తెల్లచీర ఉన్న గర్వంతో చెప్పులతోనే అరుగెక్కి, ఇది అమ్మవారు కాదు, వైరస్ అని పెద్దగా చెప్పాను. ఆ ఇంటి మామ్మ ఒక్క మాట కూడా అనలేదు. లోపలికి వెళ్లి ఇత్తడి చెంబుతో పసుపునీళ్లు తెచ్చి, నేను నిలబడిన చోటు నుంచి మెట్టు దాకా, నేను చూస్తుండగానే కడిగింది. తరవాత రెండేళ్లపాటు ఆ వీధి నుంచి ఒక్క తల్లీ నా దగ్గరికి బిడ్డను తీసుకురాలేదు.

ఆ మామ్మ చేస్తున్నది చాలావరకు సరైన పనే, అది గ్రహించడానికి నాకు కాలం పట్టింది. తట్టు చాలా తేలిగ్గా అంటుకునే జబ్బు. టీకా లేని జనంలో ఒక రోగి నుంచి సగటున పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి సోకుతుంది. రక్షణ లేనివారు పదిమంది రోగి దగ్గర మసలితే తొమ్మిదిమందికి వస్తుంది. గుమ్మానికి వేపమండ కట్టి బయటివారిని ఆపడం అంటే ఆ గొలుసును తెంచడమే. ఏ ఆసుపత్రి చెప్పినా ఇంతకంటే బాగా ఏకాంతంలో ఉంచలేదు. ప్రమాదం వేరేచోట ఉంది. బిడ్డకు ఎగశ్వాస పట్టినా ఆసుపత్రికి కదిలించకపోవడం, పత్యం పేరుతో తిండి తగ్గించడం, మందు అసలే ఇవ్వకపోవడం, వీటివల్లే పిల్లలు పోతారు. తట్టు తరవాత వచ్చే న్యుమోనియా, విరేచనాలు, కంటి జబ్బు అన్నీ ఇలా వదిలేస్తేనే ముదిరిపోతాయి. అందుకే ఆ తరవాత నేను గడప బయటే ఆగి, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, మొదట విటమిన్ ఎ సంగతి మాట్లాడేదాన్ని. అది చెంచాతో పోసే నూనెమందు, సూది కాదు, కాబట్టి ఎవరూ పెద్దగా అడ్డు చెప్పేవారు కాదు. తట్టు వచ్చిన బిడ్డకు ఏడాది దాటితే 2 లక్షల యూనిట్లు, ఆరు నుంచి పదకొండు నెలలైతే 1 లక్ష, అంతకంటే చిన్నదైతే 50 వేలు చొప్పున, వరుసగా రెండు రోజులు ఇస్తారు. దాన్ని ఆరోగ్య కార్యకర్త చేతనే ఇప్పించాలి, సొంతంగా కొలిచి పోయకూడదు.

ఇప్పుడు మీ ఇంటి నియమం దగ్గరికి వద్దాం. ఇనుము తగలకూడదన్న మాట ఎవరికి వర్తిస్తుంది? నేను అడిగి తెలుసుకున్నంతవరకు, అది అమ్మవారు పోసి ఉన్న ఒంటికి, ఆ ఇంటికి. ఊళ్లో పండగ జరుగుతున్నంత మాత్రాన ఒంట్లో బాగున్న పాపకు కాదు. పాపకు ఇప్పుడు పొక్కులు లేవు, జ్వరం లేదు. పండగ నెలలోనే మీ ఇంట్లో కూరగాయలు తరుగుతున్నారు కదా, మీరు గడ్డం గీసుకుంటున్నారు కదా అని మీ అమ్మగారిని ఎదురు ప్రశ్న వేయవద్దు. అది కోర్టు వాదన అవుతుంది. ఈ నియమం మన ఇంట్లో ఎవరు చెప్పారమ్మా, ఎవరిని అడిగితే తేలుతుంది అని అడగండి. చాలా ఇళ్లలో సమాధానం పండగలో అమ్మవారి ఘటం, అంటే కుండ, ఎత్తే ఆమె పేరో, పూజారి పేరో అవుతుంది.

కాశీనగర్ వైపు ఒక ఊళ్లో సరిగ్గా ఇదే జరిగింది. అమ్మవారి పండగలో తోలేళ్ల తంతుకు రెండు రోజుల ముందు టీకాల రోజు పడింది. పద్నాలుగు మంది పిల్లల జాబితా పట్టుకుని కూర్చుంటే పదకొండు గంటలదాకా ముగ్గురే వచ్చారు. నేను ఘటం ఎత్తే పెద్దావిడ ఇంటికి వెళ్లాను. నుదుట రూపాయి కాసంత బొట్టు, మెడలో పసుపుతాడు, వాకిట్లో కూర్చుని మట్టికుండలకు సున్నం బొట్లు పెడుతోంది. నా మాట పూర్తిగా విని, "తల్లి పోసిన ఇంట సూది వద్దుగానీ, పోయని ఇంట ఎందుకొద్దు? నా మనవరాలికి అయిందా లేదా చూడు" అంటూ లోపల్నుంచి కార్డు తెప్పించింది. అందులో రెండు గళ్లు ఖాళీగా ఉన్నాయి. సున్నం చేతులతోనే మనవరాలిని చంకనేసుకుని నాతో వీధి మధ్యనుంచి నడిచి వచ్చింది. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మధ్యాహ్నానికి మిగతా పదకొండు మందిలో తొమ్మిదిమంది వచ్చారు. మిగిలిన ఇద్దరూ పుట్టింటికి వెళ్లినవారు.

చరిత్ర చూసినా అమ్మవారికీ టీకాకూ ఆదినుంచీ వైరం ఉన్నట్టు కనిపించదు. యూరప్ వారి టీకా రాకమునుపే బెంగాల్, ఒడిశా ప్రాంతాల్లో టీకాదారులుండేవారు. మశూచి పొక్కులోని రసిని ఆరోగ్యవంతుడి చేతిమీద చిన్న గాటు పెట్టి ఎక్కించేవారు. అమ్మవారి పూజ, చన్నీళ్ల స్నానం, తిండి కట్టుబాట్లు అన్నీ ఆ పద్ధతిలో భాగమే. బెంగాల్‌లో ఈ పనిని కళ్లారా చూసిన హోల్వెల్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1767లోనే దాన్ని వివరంగా రాశాడు. ఉత్తరాది భాషల్లో నుదుటి బొట్టుకు వాడే టీకా అన్న మాటే ఈ గాటుకూ వాడుకలోకి వచ్చిందంటారు. అంటే ఆ కాలపు భక్తుడికి గాటు పెట్టడమే అమ్మవారిని మర్యాదగా, చిన్న రూపంలో ఇంటికి పిలవడం. అందులో ప్రమాదమూ లేకపోలేదు. ఎక్కించినది అసలు మశూచే కాబట్టి కొందరు చనిపోయేవారు, పక్కవారికీ సోకేది.

ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో ఆవుమశూచి రసితో చేసిన టీకా, 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల అన్నా డస్టాల్ అనే పాపకు వేయడంతో మన దేశంలో అడుగుపెట్టింది. అప్పుడు సీసాలు, ఐస్ పెట్టెలు లేవు. ఒక బిడ్డ చేతి పొక్కు నుంచి రసి తీసి నేరుగా మరో బిడ్డ చేతికి వేసేవారు. అభ్యంతరం ఎక్కడ పుట్టిందో ఇక్కడ ఆలోచించండి. ఏ కులం బిడ్డ చేతి రసి నా బిడ్డ ఒంట్లోకి వస్తోంది అన్నదే చాలామంది తల్లిదండ్రుల అసలు బెంగ. దానికి తోడు సర్కారు మనిషి వచ్చి బిడ్డను పట్టుకుని గుచ్చడమన్న భయం. కాగితాల్లో మాత్రం ఇదంతా మతవిశ్వాసం అన్న ఒక్క మాట కింద చేరిపోయింది. తరవాత దూడల నుంచి రసి తయారుచేసే పద్ధతి వచ్చి, మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ వంటిచోట్ల అది పెద్ద ఎత్తున సాగింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు మన గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. చేతినుంచి చేతికి వేసే బెంగ తీరాక ఆవు బెంగ మొదలైంది. మహాత్మా గాంధీ అంతటివారే మశూచి టీకాను తీవ్రంగా వ్యతిరేకించారు. ఆయన అహింస, ప్రకృతి వైద్యం మీది నమ్మకం రెండూ అందులో ఉన్నాయి. గాంధీగారి మీద నాకున్న గౌరవం తగ్గలేదు గానీ, ఈ ఒక్క విషయంలో ఆయన మాట విననందుకు మన దేశం బతికిపోయింది. దేశంలో చివరి మశూచి కేసు 1975 మే నెలలో బయటపడింది, 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ మశూచి లోకం నుంచే పోయిందని ప్రకటించింది.

మశూచి పోయిందిగానీ అమ్మవారి పండగ పోలేదు. బరంపురంలో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి జాతర జరుగుతూనే ఉంది, తెలుగు మాట్లాడే దేరా నేతవారి ఇళ్లనుంచే దాని తంతు మొదలవుతోంది. పాతపట్నం నీలమణి దుర్గమ్మకు మొక్కుగా పసుపునీళ్ల ముర్రాటలు పోస్తూనే ఉన్నారు. టీకా వేస్తే తల్లి అలుగుతుందన్నవారికి ఈ సంగతి నేను నెమ్మదిగా చెప్పేదాన్ని, వాదనగా కాదు, కబుర్లలో కబురుగా.

మీ అమ్మగారి భయానికి మరో మూలం ఉండవచ్చు, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. తట్టు టీకా బతికున్న, బలం తగ్గించిన వైరస్‌తో చేసినది. అందువల్ల వేసిన ఏడు నుంచి పన్నెండు రోజుల మధ్య నూటికి ఐదు నుంచి పదిహేను మంది పిల్లలకు జ్వరం వస్తుంది, ఐదుగురికి పలచగా దద్దులు లేస్తాయి. రెండుమూడు రోజుల్లో అవే తగ్గిపోతాయి, పక్కవారికి సోకవు. ఈ ముక్క ముందుగా చెప్పని నర్సమ్మ, సరిగ్గా పండగ రోజుల్లో ఆ దద్దులు కనబడితే ఏం జవాబు చెబుతుంది? సూది వేశారు, తల్లి అలిగి పోసింది అని ఊరంతా అనుకుంటుంది. చూసింది చూసినట్టే చెప్పారు కాబట్టి దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయలేం. వారి లెక్క సరైనదే, కారణం చెప్పవలసినవారే చెప్పలేదు. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా సంగతీ ఇంతే. పుట్టినప్పుడు ఎడమ భుజం మీద వేస్తే, కొన్ని వారాలకు అక్కడ చిన్న పొక్కు లేచి, చీము పట్టి, మానాక మచ్చ మిగులుతుంది. దానికి పసుపూ వేపాకు ముద్దా రాసి నా దగ్గరికి తెచ్చినవారు ఎందరో. ఏమీ రాయనవసరం లేదు.

ఇక మీ వదినగారి ఇంటి సంగతి. గజపతి జిల్లా కొండప్రాంతంలో క్రైస్తవులు చాలామంది ఉన్నారు. వారిలో అత్యధికులు పిల్లలకు టీకాలు వేయిస్తారు, మిషన్ ఆసుపత్రుల సంప్రదాయం అక్కడిది. అయితే దేవునిమీద భారం వేసి టీకా మానుకోవడం ప్రపంచంలో ఎక్కడా లేనిదీ కాదు. నెదర్లాండ్స్‌లో కొన్ని ఛాందస ప్రొటెస్టెంటు సంఘాలవారు, ఆరోగ్యవంతుడికి వైద్యుడు అక్కర్లేదన్న సువార్త మాటను ఆధారం చేసుకుని టీకాలు మానేశారు. 1992-93లో అక్కడ పోలియో వచ్చి 71 మందికి సోకింది, ఇద్దరు చనిపోయారు. దేశమంతా టీకా వేయించుకున్నా, రక్షణ లేనివారంతా ఒకేచోట ఉంటే జబ్బు వారిని వెతుక్కుని వెళ్తుందని దాన్నిబట్టి తెలుస్తుంది. యెహోవా సాక్షులు ఒకప్పుడు టీకాను వ్యతిరేకించి, 1952లో ఆ నిర్ణయాన్ని ఎవరికి వారికి వదిలేశారు. కాబట్టి మతసంఘాల వైఖరి రాతిమీద గీత కాదు.

ఒక కొండ ఊరి ప్రార్థన మందిరంలో నలభై కుటుంబాలు టీకా వద్దంటున్నాయని నన్ను పంపారు. ముందు పాస్టరుగారి ఇంటికి వెళ్లాను. ఆయన భార్య పిల్లల కార్డులు తీసి చూపించింది, అన్నీ నిండుగా ఉన్నాయి. మరి సంఘంలో ఎందుకు చెప్పలేదంటే, నన్నెవరూ అడగలేదమ్మా అన్నారాయన. వద్దంటున్నది నిజానికి ఒకే ఒక్క పెద్దాయన, మిగిలినవారు ఆయన మాట జవదాటరు. మూడోసారి వెళ్లినప్పుడు ఆయన చెప్పారు. చాలా ఏళ్ల కిందట, ఇంజెక్షన్ వేయించిన రెండో రోజు ఆయన కొడుకు చనిపోయాడు. ఎందుకు చనిపోయాడో ఎవరూ వచ్చి చూడలేదు, ఎవరూ పలకరించలేదు. అప్పటినుంచి ఆయన దేవుడే చాలన్నారు. ఆ బిడ్డ ఇంజెక్షన్ వల్లే చనిపోయాడో లేదో నేను చెప్పలేకపోయాను. పసివయసులో మరణాలు ఎక్కువున్న రోజుల్లో, నెలనెలా టీకా పడే వయసులో, రెండూ ఒకదాని పక్కన ఒకటి పడటం కష్టమేమీ కాదు. కానీ ఆ తండ్రికి లెక్కలు చెప్పే హక్కు నాకుందనిపించలేదు. మాలో ఎవరూ మీ ఇంటికి రాకపోవడం తప్పు అని మాత్రం అన్నాను. ఈరోజు టీకా తరవాత ఏ చెడు జరిగినా నమోదు చేసి విచారించే పద్ధతి ఉంది, తల్లిదండ్రులు దాన్ని అడిగి చేయించుకోవాలి. ఆ పెద్దాయన ఆ ఏడాది ఏమీ మారలేదు. మరుసటి ఏడాది మనవడు పుట్టినప్పుడు మాత్రం కోడలిని ఆపలేదు. మీ వదినగారి ఇంట్లోనూ విశ్వాసం వెనక ఏమైనా సంఘటన ఉందేమో ముందు కనుక్కోండి. లేదంటే పాస్టరుగారి పిల్లలకు టీకాలు అయ్యాయా అని ఒక్క మాట మర్యాదగా అడిగించండి.

ముస్లింల సంగతి మీరు అడగలేదు గనుక క్లుప్తంగా ముగిస్తాను. ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కలు సంతానం కలగకుండా చేస్తాయన్న వదంతి చాలాకాలం నడిచింది. మౌల్వీలు, ఇమాములు స్వయంగా చుక్కలు వేసి, మసీదు మైకుల్లో చెప్పాక దారి తెరుచుకుంది. 2009లో దేశంలో 741 పోలియో కేసులుంటే, 2010లో 42, 2011లో ఒక్కటే. ఆ తరవాత సహజంగా తిరిగే పోలియో వైరస్ వల్ల వచ్చిన కేసు లేదు. తట్టు టీకాలో వాడే జెలటిన్ పందినుంచి వచ్చినదైతే ఎలా అన్న ప్రశ్న నిజాయితీ గలది. ఇండోనేషియా ఉలేమాల మండలి 2018లో అది నిషిద్ధమే అయినా వేరే దారి లేదు గనుక వాడవచ్చని తీర్పు చెప్పింది. ఆ టీకా తయారైనది మన పుణేలోనే. 2021లో కోవాక్జిన్‌లో దూడ రక్తరసం ఉందని గొడవ రేగినప్పుడు, కణాలను పెంచే దశలో దాన్ని వాడతారు, తుది టీకాలో ఉండదు అని ప్రభుత్వం వివరించింది. ఇలాంటి ప్రశ్న అడిగినవారికి ఏమీ లేదు పొమ్మని చెప్పడం నేను చూశాను. తరవాత నిజం తెలిస్తే వారు ఏ నర్సమ్మనూ నమ్మరు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, తేల్చుకోవడం వారి పెద్దలకు వదలడమే మేలు.

నమ్మకం జవాబు లేని ఖాళీ జాగాలో పెరుగుతుందనడానికి ఒడిశాలోని మల్కాన్‌గిరి గుర్తు చేసుకోవాలి. 2016లో వర్షాకాలం చివర ఆ జిల్లాలో వందమందికి పైగా పిల్లలు మెదడువాపుతో చనిపోయారు. కొందరిలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ తేలింది, కొందరి విషయంలో బనచకుండా, అంటే మన కసివింద గింజల విషమన్నారు. పందులను ఊరికి దూరంగా తరిమారు, దోమతెరలు పంచారు, తరవాత టీకా కార్యక్రమం మొదలైంది. ఒక వారం ఒక కారణం, మరో వారం మరో కారణం వింటున్న తల్లి, దిసారి, అంటే కొండ ఊళ్ల పూజారి వైద్యుడి, దగ్గరికి పరుగెత్తితే ఆమెను నేను తప్పుపట్టలేను. దిసారి కనీసం ఒకే మాట మీద నిలబడతాడు.

మీ ప్రశ్నలో మీరు రాయకపోయినా నాకు కనిపించే మరొకటి ఉంది. మన సరిహద్దు ఊళ్లలో చాలా టీకాలు మతంవల్ల కాదు, కార్డువల్ల తప్పిపోతాయి. మీ భార్య పుట్టిల్లు పాతపట్నం వైపయితే, కాన్పు అక్కడే అయితే, మొదటి టీకాలు ఆంధ్రా కార్డు మీద ఉంటాయి. ఇక్కడికి వచ్చాక ఒడియాలో ఉన్న కొత్త కార్డు ఇస్తారు. పాత కార్డు చూడకుండా కొత్తదానిమీద రాసినా, కొత్తది చూడకుండా పుట్టింట్లో వేసినా లెక్క తప్పుతుంది. ఒడియా చదవలేని తల్లి వచ్చే తేదీ ఎప్పుడో అడగడానికి సిగ్గుపడి మానేస్తుంది. అప్పుడు ఆశా దీదీ అడిగితే, తేదీ తెలియదని చెప్పడం నామోషీగా ఉండి, అమ్మవారి నెల అని చెబుతుంది. నేను విన్న మతపరమైన నిరాకరణల్లో ఇలాంటివి ఎన్నో.

కాబట్టి ఈ వారం ఇలా చేయండి. రెండు కార్డులూ వెతికి ఒకచోట పెట్టండి. మీ అమ్మగారితో ఒంటరిగా కూర్చుని ఆమె భుజం మీద గుండ్రని పాత మచ్చలు ఉన్నాయేమో చూసి, అవి ఎలా వచ్చాయో అడగండి. ఆమెకు యాభై ఏళ్లు దాటి ఉంటే మశూచి టీకా మచ్చలు ఉండే అవకాశం ఎక్కువ. ఆ కథ ఆమె చేతనే చెప్పించండి, మధ్యలో పాఠం చెప్పకండి. ఘటం ఎత్తే ఆమెనో, పూజారినో అడగడానికి ఆమెనే పంపండి. మొక్కు ఉంటే, సూది వేయించి వచ్చాక ముర్రాట పోస్తామని చెప్పండి. ఆమె ఒప్పుకుంటే ఆ రోజు పాపను ఆమె చంకలోనే తీసుకెళ్లనివ్వండి. మా ప్రాంతంలో టీకాల రోజు సాధారణంగా బుధవారం. ఆ రోజు రాహుకాలం మధ్యాహ్నం 12 నుంచి 1.30 దాకా. అది గడిచాక వస్తామని కూర్చుంటే, ఈ టీకా సీసా తెరిచిన నాలుగు గంటల్లోపే వాడాలి కాబట్టి, మీరు వెళ్లేసరికి అది పారేసి ఉండవచ్చు. ఉదయమే వెళ్తే రాహుకాలం బెడదా ఉండదు, సీసా బెడదా ఉండదు.

మామూలు జలుబు, కొద్దిపాటి దగ్గు ఉన్నా వేయించవచ్చు. ఎక్కువ జ్వరం ఉంటే తగ్గాక వేయించండి. ఇంతకుముందు ఏ టీకాకైనా ఒళ్లంతా వాచి ఊపిరాడని స్థితి వచ్చినా, రోగనిరోధక శక్తికి సంబంధించిన పెద్ద జబ్బు ఉన్నా ముందే చెప్పాలి. సూది కుడి భుజం మీద వేస్తారు. వేశాక అరగంట అక్కడే కూర్చోండి, సూది పడిన చోట పసుపు రాయనివ్వకండి. ఏడో రోజు నుంచి పన్నెండో రోజు లోపల జ్వరం, పలచటి దద్దులు రావచ్చన్న మాట ఇంట్లో అందరికీ ఆ రోజే చెప్పండి. ముఖ్యంగా మీ అమ్మగారికి చెప్పండి, ఇరుగుపొరుగు ఏమన్నా జవాబు చెప్పవలసింది ఆమే. ఈ వారం ఎలాగూ కుదరకపోతే కంగారు పడకండి, ఆలస్యమైనా ఈ టీకాను ఐదేళ్ల లోపు ఎప్పుడైనా వేస్తారు, కానీ మధ్యలో తట్టు వస్తే ఆ ఆలస్యం పాపకే ఖరీదు. వచ్చేముందు ఏఎన్ఎం దీదీ చేత రెండో డోసు తేదీని, పాపకు పదహారు నెలలు నిండాక పడేదాన్ని, కార్డు వెనక తెలుగులో రాయించుకోండి. ఆమెకు తెలుగు రాయడం రాకపోతే ఆమె చెబుతుంటే మీరే రాసుకోండి.